పాత్రలు బొమ్మల్లెక్క ఉన్నయని కథ తిప్పి పంపిండ్రు. ఏం చెయ్యాలె?

ఎర్రమిర్చి
మాది నర్సంపేట దిక్కు ఊరు. మూడేండ్ల సంది కథలు రాస్తున్న. పోయిన నెల ఒక పత్రికకు కథ పంపితే తిప్పి పంపిండ్రు. ఒక్కటే వాక్యం రాసిండ్రు: పాత్రలు బొమ్మల్లెక్క ఉన్నయి, గొడవ ఎటు పోతదో మొదటి పేజీలనే తెలిసిపోతున్నది. నాలుగు దినాల సంది ఆ మాటనే మనసుల తిరుగుతున్నది.

కథ ఇది. మల్లయ్య రెండెకరాల మిర్చి రైతు. మంచోడు, కష్టజీవి, ఎవ్వల పైసా ముట్టడు. ఆడ్తి సేటు (మార్కెట్ల కమీషన్ మీద రైతు సరుకు అమ్మిపెట్టేటోడు) దగ్గర లక్షన్నర అప్పు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు 30 బస్తాలు తెస్తడు. ఆ రోజు జెండా పాట (మంచి సరుకుకు కట్టే ధర) క్వింటాలుకు 18,500 పలుకుతది, మల్లయ్య సరుకు మాత్రం 13 వేలకే పోతది. సేటు మెడల లావు గొలుసు, నోట్ల పాన్, మాటకు ముందు తిట్టు. మోసం చేసి మొత్తం అప్పు కింద జమ కట్టుకుంటడు. మల్లయ్య ఖాళీ చేతులతోని ఇంటికొచ్చి పురుగుమందు డబ్బా తీస్తడు.

మా ఊర్ల కండ్లతోని చూసిందే రాసిన. ఒక్క అబద్ధం లేదు. మరి నిజం రాస్తె బొమ్మలు ఎట్లయినయి? ఎవ్వలన్న విడమరిచి చెప్పుండ్రి.

హన్మకొండ_టీచరమ్మ
తమ్ముడూ, మల్లయ్య మంచివాడని నువ్వు మూడుసార్లు చెప్పావు. ఆయన ఏం చేస్తే మంచివాడని నాకు అనిపించాలి? దానికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. మల్లయ్య చేసిన తప్పు పని ఒక్కటి చెప్పు. పెద్దది అక్కర్లేదు. భార్యకు కూడా చెప్పకుండా దాచిన చిన్న పని చాలు. అది నీకు తెలియకపోతే మల్లయ్య నీకు ఇంకా పరిచయం కాలేదనే అర్థం.

కాజీపేట_ప్యాసింజర్
సేటుకు పాన్ అలవాటు తీసెయ్ తమ్మీ. నేను చదివిన కథలల్ల ఉన్న సేట్లందరు నమిలిన పాన్ లెక్కేస్తె ఊరికో తోట పెట్టొచ్చు.

పాత_గుమాస్తా
19 ఏండ్లు ఒక ఆడ్తి దుకాణంల పద్దులు రాసిన. ఏ ఊరు, ఏ మార్కెట్ అన్నది అడగకుండ్రి. టీచరమ్మ అడిగిన దానికి నేను జవాబు చెప్త. కొంచెం పొడుగైతది, ఓపికతోని చదువు బిడ్డా.

ముందు సేటు గొలుసు సంగతి. నువ్వు గొలుసు ఎందుకు ఏసినవ్? డబ్బున్నోడని చూపెట్టనీకి. నేను పని చేసిన సేటు గొలుసు ఏడాదిల సగం దినాలు కుదువలనే ఉండేది. మార్కెట్ సీజన్ మొదలైతుందనంగ ఎక్కడెక్కడో పైసలు తెచ్చి విడిపిచ్చుకొని ఏసుకునేది. ఎందుకు? మెడ బోసిగ కనపడితె దుకాణం మునిగిందని పుకారు లేస్తది, బాకీలోళ్ళందరు ఒక్కపారి మీద పడతరు. గొలుసు ఆయనకు సోకు కాదు, దుకాణానికి తాళం అసుంటిది. అదే గొలుసు ఉంచు, కాని లోపలి సంగతి తెలుసుకొని ఉంచు.

ఇగ అప్పు. జూన్‌ల రైతు విత్తనానికి, మందుకట్టలకు పైసలడుగుతడు. కౌలు రైతైతె బ్యాంకు మొఖమే చూడదు. సేటు ఇస్తడు, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి, పంట నా దుకాణానికే తేవాలన్న మాట మీద. లక్షన్నరకు నెలకు 3 వేలు. ఎనిమిది నెలలకు 24 వేలు. అసలు, మిత్తి కలిపితె 1,74,000. నీ మల్లయ్య 30 బస్తాలు, బస్తా 40 కిలోలు అనుకుంటె 12 క్వింటాళ్ళు. 13 వేల లెక్కన 1,56,000. హమాలీ, తూకం ఏసే దడవాయి కూలి పక్కన పెట్టినా ఇంక 18 వేలు బాకీ. చూసినవా, ఇందుల సేటు ఎక్కడ మోసం చెయ్యకున్నా మల్లయ్య మునిగిండు. మోసం చేసిండని రాసుడు నీకు అక్కెర లేకుండెనే.

సేటు ఇచ్చిన లక్షన్నర సుత ఆయన సొంతం కాదు. బామ్మర్ది దగ్గర రూపాయిన్నర మిత్తికి తెచ్చిండు. సరుకు కొన్న ఖరీదుదారు పైసలు ఇచ్చుడు ఆలస్యం చేస్తడు, రైతు మాత్రం తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) చేతికి రాంగనే పైసలడుగుతడు. నడుమ సేటు. ఆయన దొర కాదు. ఆయన మీద ఇంకొకడున్నడు.

ఆఖరుకు మల్లయ్య తప్పు. ఎండిన మిర్చి బస్తాల తొక్కేటప్పుడు కాయ పగులకుంట నీళ్ళు సల్లుతరు. బరువు పెరుగుతదని సుత సల్లుతరు. ఎంత సల్లితె కాయ కోసం, ఎంత సల్లితె బరువు కోసం అన్నది సల్లినోనికే తెలుసు. మల్లయ్య రెండు చెంబులు ఎక్కువ సల్లిండా లేదా?

హన్మకొండ_టీచరమ్మ
రెండు చెంబులు! నేను వారం రోజులు క్లాసులో చెప్పినా ఇంత బాగా చెప్పలేను.

ఎర్రమిర్చి
కాకా, దండం. మా నాయిన సుత సల్లుతడు. నేనే బకీట్ల నీళ్ళు అందిచ్చిన. కథల అది రాయాలన్న ఆలోచన కూడ రాలే. రైతు తప్పు రాస్తె రైతుకు ద్రోహం చేసినట్టు అనిపించింది కావచ్చు.

తంగేడు_చెట్టు
నాకు ఈ ముచ్చట నచ్చుతలేదు. మా నాయిన మిర్చి అమ్మనీకి పోయి రెండు రాత్రులు బస్తాల మీదనే పన్నడు. దోమలు, దగ్గు, నీళ్ళకు తిప్పలు. మూడో దినం సరుకు నెమ్ము (తేమ) ఉన్నదని చెప్పి అడ్డికి పావుశేరు ధర కట్టిండ్రు. ఇంటికి వచ్చి ఎవ్వలతోని మాట్లాడకుంట బర్రెకు గడ్డేసుకుంట కూసున్నడు. ఇప్పుడు మీరందరు సేటుకు సుత బాధలున్నయి, ఆయన గొలుసు సుత కుదువల ఉన్నది అంటున్నరు. అయితె మా నాయిన బాధ ఏం కావాలె? బయట ఎట్లైన తిట్టలేము. కథలనన్న తిట్టుకోనియ్యరా?

కాజీపేట_ప్యాసింజర్
అక్క అన్నది నిజం. బలమున్నోని బాధ, బలం లేనోని బాధ ఒక్క తక్కెడల తూచొద్దు.

పాత_గుమాస్తా
తూచమంటలేను. అక్కా, నీ కోపం నాకు అర్థమైతది. ఆ బస్తాల మీద పన్నోళ్ళకు పొద్దుగాల చాయ్ పోసినోణ్ణి నేను. సేటును రాక్షసుణ్ణి చేసి రాసినమనుకో. చదివినోడు ఏమనుకుంటడు? ఒక చెడ్డోడు దొరికిండు, వాడు పోతె అంత మంచిగైతది అనుకొని పత్రిక మడిచి పెడతడు. సేటు సుత మన అసుంటి మనిషే, పెండ్లాం పిల్లలున్నోడే, మీ నాయిన పేరు పెట్టి పిలిచేటోడే, అయినా గింత అన్యాయం జరిగింది అని రాస్తె చదివినోనికి నిద్ర పట్టది. నేను ఆ దుకాణంల ఉన్నప్పుడు నాకు పట్టకపోయేది.

తంగేడు_చెట్టు
నేను పూర్తిగ ఒప్పుకోను. కాని నీళ్ళ సంగతి నిజం. ఆ ఏడు మా నాయిన సుత సల్లిండు. అందుకే కావచ్చు, ఎవ్వలను తిట్టకుంట బర్రె దగ్గర కూసున్నది. ఈ మాట ఇంతవరకు నేను ఎవ్వలకు చెప్పలే.

ఎర్రమిర్చి
అక్కా, ఇదే కథ. బర్రె దగ్గర కూసున్న మనిషి. నువ్వే రాయాలె ఇది.

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
గోదావరిఖని నుంచి. దుర్మార్గుడు లేకుంటనే గొడవ ఎట్ల పుడుతదో మా ఇంట్ల సంగతి చెప్త.

మా బాపు బొగ్గుబాయి పనిల అన్‌ఫిట్ అయిండు, అంటె ఒంట్ల బాగలేక ఇగ పని చెయ్యలేడని తేల్చిండ్రు. ఆయన జాగల నౌకరి ఒక్కనికే. కొడుకులం ఇద్దరం. మా అన్న చదువు నడుమల ఆపి ఆరేండ్లు కాంట్రాక్టు పని చేసి నన్ను ఐటీఐ చదివిచ్చిండు. చదివిచ్చినోడు ఆయన, అందుకే నౌకరి ఆయనకు రావాలె. నాకు పెండ్లి కుదిరింది, పిల్ల తరఫోళ్ళు నౌకరి వస్తదని చూసి ఒప్పుకున్నరు. ఐటీఐ ఉన్నది కాబట్టి నాకైతె మంచి పని దొరుకుతదని అందరన్నరు. ఎవ్వలది తప్పు? ఎవ్వలది కాదు. అయినా ఏడాది దాక ఇంట్ల పొయ్యి మండినట్టే ఉండె.

ఇంట్ల ఒక్కరు సుత నోరు తెరిచి ఫలానోనికి అని అనలే. అమ్మ ఎప్పుడు అన్నం పెట్టినా ముందు అన్న కంచంల పెట్టేది, తర్వాత నాకు. ఒక రాత్రి ముందు నా కంచంల పెట్టింది. అన్న ఆ కంచం దిక్కు చూసిండు, చెయ్యి కడుక్కొని లేచిండు. అంతే. బాపు తీర్పు చెప్పింది తెల్లారి. కాని మాకు తెలిసింది ఆ రాత్రే.

ఇది కథ రాద్దామని పదిసార్లు కూసున్న. ప్రతిసారి అన్నతోని పెద్ద డైలాగు కొట్టిచ్చిన. నా జీవితం నీకు ధారపోసిన అని. చదివితె సినిమా లెక్క ఉంటది. మా అన్న అట్లాంటి మాట పుట్టి ఎన్నడన్నోడు కాదు.

పాలపిట్ట
కంచం చాలన్నా. డైలాగు అక్కెర లేదు.

ఒగ్గుడోలు
ఇప్పుడు మీ అన్నతోని మాట ఎట్లున్నది?

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
దసరాకు వస్తడు. జమ్మి పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటడు. ఇంట్ల అన్నం మాత్రం తినడు. బయట తినచ్చిన అంటడు.

సాంచెల_సప్పుడు
సిరిసిల్ల. పాత గుమాస్తా కాక చెప్పిన నడుమ మనిషి మా దగ్గర ఆసామి. సాంచెలు (మరమగ్గాలు) ఆసామివి, కాని నూలు, పడుగు చుట్టిన బీములు పెద్ద యజమాని ఇస్తడు. బట్ట నేసినందుకు మీటరుకు ఇంత అని ఆసామికి ఇస్తడు. ఆసామి అందులనుంచి కార్మికునికి ఇస్తడు. పొద్దుగాల యజమాని ముంగట చేతులు కట్టుకొని కూలి పెంచుమని అడిగిన ఆసామియే, మాపటికి తన సాంచెల షెడ్డుల కార్మికుడు అదే మాట అడిగితె ఏమంటడు? యజమాని తనను ఏమన్నడో అదే మాట, అదే గొంతుతోని అంటడు. నేను విన్న. మా మామ ఆసామి.

2017ల బతుకమ్మ చీరెల ఆర్డర్ మొదలైనప్పుడు సాంచెలు రాత్రింబగళ్ళు నడిచినయి. అప్పుడు సుత మా మామ నవ్వంగ చూడలే. పని లేనప్పుడు పని లేదని భయం, పని ఉన్నప్పుడు ఇది ఎన్నొద్దులు ఉంటదో అని భయం. పాత్రకు భయం ఏందో తెలిస్తె మిగతాయి అవే వస్తయని నేననుకుంట.

ఎర్రమిర్చి
నాకు ఇప్పుడు ఇంకో తిప్పలు. సేటు మంచోడు, ఖరీదుదారు సుత మంచోడు, అందరికి కారణాలున్నయి అంటె గొడవ ఎట్ల పుడుతది? కథ చల్లబడదా?

హన్మకొండ_టీచరమ్మ
చల్లబడదు. ఇద్దరికీ న్యాయం ఉన్నప్పుడే వేడెక్కుతుంది. బొగ్గుబాయి తమ్ముడి ఇల్లు చూశావు కదా. ఒక్కోసారి ఇద్దరు మనుషులు కూడా అక్కర్లేదు, ఒక్కరు చాలు.

సకల జనుల సమ్మెలో నేనున్నాను. 2011 సెప్టెంబర్ 13న మొదలై మొత్తం 42 రోజులు నడిచింది. బడి మూసి రోజూ దీక్షా శిబిరానికి వెళ్ళేదాన్ని. బతుకమ్మ కూడా రోడ్డు మీదే ఆడాం. తెలంగాణ రావాలని నా అంత గట్టిగా కోరుకున్నవాళ్ళు మా వాడలో లేరని నా నమ్మకం. జీతం ఆగింది. ఇంట్లో అత్తమ్మకు గుండెజబ్బు, నెల మందులు తప్పవు. అప్పు అడగడానికి వెళ్తే ఎదుటివాళ్ళు కూడా సమ్మెలో ఉన్నవాళ్ళే. ఒకరోజు పుస్తెలతాడులో ఉన్న రెండు గుండ్లు తీసి చేతిరుమాలులో ముడి వేసుకున్నాను. బజారుకు పోయి వస్తానని మా ఆయనకు చెప్పాను. ఎప్పుడూ ఏం తెస్తావని అడిగే మనిషి ఆ రోజు అడగలేదు. గోడవైపు తిరిగి పేపరు చదువుతున్నాడు. పేపరు నిన్నటిది.

నన్ను ఎవరూ మోసం చేయలేదు. ఎవరి మీదా కోపం లేదు. కానీ దుకాణం మెట్లు ఎక్కేటప్పుడు, సమ్మె ఇవాళే ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. సాయంత్రం శిబిరంలో నినాదాలు అందరికంటే గట్టిగా ఇచ్చింది నేనే. ఎందుకంత గట్టిగా ఇచ్చానో పక్కన కూర్చున్నవాళ్ళకు తెలియదు.

మల్లయ్యలో అలాంటి క్షణం వెతుకు.

తంగేడు_చెట్టు
టీచరమ్మా, పేపరు నిన్నటిది అన్న కాడ నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

పాలపిట్ట
ఎవ్వలు ముట్టని ముచ్చట ఒకటి నేను ఎత్తుత. ఆ పురుగుమందు డబ్బా.

1997-98ల వరంగల్ జిల్లాల పత్తికి పురుగు పడ్డది, కొట్టిన మందులు పని చెయ్యలే, అప్పులు మీదపడ్డయి, రైతులు వరుసగ ప్రాణం తీసుకున్నరు. మాది పరకాల దిక్కు. నాకు అప్పుడు పదేండ్లు. మా వాడల ఒక ఇంటి ముంగట టెంటు ఏసిండ్రు. నేను చూసింది డబ్బా కాదు. ఆ ఇంటి పెద్దబిడ్డ నా తోటిది. టెంటు కింద కుర్చీలు లెక్క పెడుతున్నది, తిరిగి ఇయ్యాలె కదా అని. పదేండ్ల పిల్ల.

అప్పటి సంది రైతు కథ అంటె ఆఖరుకు డబ్బానే. రాసేటోనికి ఎటు పోవాల్నో తెల్వనప్పుడు డబ్బా తీస్తున్నడని నాకనిపిస్తది. చచ్చినోళ్ళ మీద గౌరవం ఉన్నోళ్ళు అట్ల చెయ్యొద్దు. ఉరికే మనిషిని చూసి రాసుడు కష్టం, పడిపోయిన మనిషిని చూసి రాసుడు అల్కగ ఉంటది.

కాజీపేట_ప్యాసింజర్
మరి చావులు జరగలేదా? జరిగినయి రాయొద్దా?

పాలపిట్ట
రాయాలె. కుర్చీలు లెక్క పెట్టిన పిల్లను రాయాలె. మల్లయ్యకు ఆ సావు ఎందుకు రావాల్నో కథ చెప్పకపోతె రాయొద్దు.

పాత_గుమాస్తా
పాలపిట్ట మాటకు నాదొకటి కలుపుత. మల్లయ్యను సంపకుండ్రి. జూన్ రానియ్యుండ్రి. తొలకరి పడ్డది. మల్లయ్య మల్ల అదే దుకాణం మెట్లెక్కుతడు. పాత బాకీ 18 వేలు అట్లనే ఉన్నది. సేటు ఏమంటడు? మల్లయ్య ఎక్కడ కూసుంటడు, కిందనా బెంచి మీదనా? నేను 19 జూన్లు చూసిన. పంట అమ్మే దినం కన్న ఆ దినమే బరువుగ ఉంటది.

ఎర్రమిర్చి
కాకా, ఒళ్ళు జలదరించింది. ఆడనే మొదలు పెడత.

సాంచెల_సప్పుడు
భాష సంగతి సుత చెప్పుకుందామా? నువ్వు కథను ఏ భాషల చెప్పినవ్ తమ్మీ?

ఎర్రమిర్చి
కథ చెప్పేది పుస్తకం తెలుగు. మల్లయ్య మాట్లాడేది మన భాష. సేటు మాట్లాడేది గొప్పగ ఉండాలని పుస్తకం భాషనే పెట్టిన.

సాంచెల_సప్పుడు
దొరికిండు దొంగ. నర్సంపేటల పుట్టిన సేటు పుస్తకం భాష ఎందుకు మాట్లాడుతడు? ఆయన సుత ఎట్లున్నవే మల్లయ్య, బిడ్డ పెండ్లి ఎంతదాక వచ్చింది అనే అడుగుతడు. అట్ల అడిగినోడే అప్పు వసూలు చేస్తె ఎక్కువ గుచ్చుకుంటది.

తంగేడు_చెట్టు
ఇంకోటి. మన భాష రాసుడంటె ప్రతి మాటకు గిట్ల, గట్ల, గదా అని తగిలిచ్చుడు కాదు. మా అమ్మ నాతోని మాట్లాడే తీరు వేరు, బ్యాంకుల సార్‌తోని మాట్లాడే తీరు వేరు. సార్ దగ్గర కష్టపడి ‘వెళ్ళొస్తానండి’ అంటది. ఆ ఒక్క ‘అండి’ల ఎంత భయం ఉంటదో.

ఒగ్గుడోలు
మా తాత ఒగ్గు కథలకు డోలు కొట్టేటోడు. మల్లన్న కథ తెల్లందాక నడిచేది. కథ చెప్పేటాయన కండువా తలమీద కప్పుకుంటె తల్లి అయిపోయేటోడు, అదే కండువా నడుముకు చుట్టుకుంటె కొడుకు. తల్లిగ ఏడిచి, కండువా మార్చి కొడుకుగ జవాబు చెప్పేటోడు. కొడుకు మాటల పస లేకుంటె ముందల కూసున్న ముసలమ్మలు ఊకోకపోయేటోళ్ళు. గదేం జవాబురా, తల్లికి అట్లనేనా చెప్పేది అని ఆడనే అడిగేటోళ్ళు. ఆయన మల్ల గట్టిగ చెప్పాల్సిందే.

నేను కథ రాసేటప్పుడు తువ్వాల తెచ్చుకుంట. నిజంగనే. తలుపు పెట్టుకొని ఒక మనిషి తరఫున గట్టిగ మాట్లాడుత, తువ్వాల మార్చి రెండో మనిషి తరఫున జవాబు చెప్త. నేను ప్రేమించే పాత్ర ఓడిపోయేదాక రెండో పాత్రతోని వాదిపిస్త. మొదట్ల సిగ్గనిపిస్తది, తర్వాత అలవాటైతది. తమ్మీ, సేటు తరఫున పది నిమిషాలు పంచాయితీ చెప్పి చూడు. మల్లయ్యకు జవాబు దొరకని మాట ఒక్కటన్న సేటు నోట్లనుంచి రావాలె.

కాజీపేట_ప్యాసింజర్
మీ ఇంటోళ్ళు ఏమంటరన్నా?

ఒగ్గుడోలు
మా చిన్నబిడ్డ తలుపు సందులకెళ్ళి విని, బాపు ఇయ్యాల ఎవ్వలతోని కొట్లాడుతున్నడే అని వాళ్ళమ్మను అడుగుతది.

మేడారం_బెల్లం
ఒక చిన్న వస్తువు పాత్రను ఎట్ల చెప్తదో నా అనుభవం. మేడారం జాతరకు రెండేండ్లకొకసారి మొక్కు తీర్చనీకి మా కుటుంబమంత పోతం. నా కొడుకును చిన్నప్పటి సంది తూకం ఏసి నిలువెత్తు బంగారం, అంటె వాని బరువంత బెల్లం, సమర్పించుడు అలవాటు. 2022ల 58 కిలోల బెల్లం తూగిండు. తర్వాత హైదరాబాద్‌ల కోచింగ్‌కు పోయిండు. ఫోన్ చేసినప్పుడల్ల మంచిగ తింటున్న అమ్మా అనేటోడు. 2024ల మల్ల కాంట మీద కూసోబెట్టినం. 49 కిలోల దగ్గర కాంట ఆగింది. కాంటాయన ఇంక రెండు ముద్దలు తీసి పక్కన పెడుతున్నడు. నేను ఆ తీసేసిన బెల్లం ముద్దల దిక్కే చూస్తున్న. వాడు నా దిక్కు చూస్తలేడు.

అప్పుడు నేను ఏం అడగలే. గద్దెల దాక నడిచినం. చేతుల బెల్లం బరువు తక్కువున్నదని నాకొక్కదానికే తెలుసు.

హన్మకొండ_టీచరమ్మ
అక్కా, బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

మేడారం_బెల్లం
ఇంటికి తోలుకొచ్చిన. ములుగుల చిన్న నౌకరి చేస్తున్నడు. బువ్వ తింటున్నడు.

పాలపిట్ట
నాదొక ప్రశ్న. ఇవన్ని మన ఇంటోళ్ళ సంగతులు. రాస్తె వాళ్ళు గుర్తు పట్టరా? నేను ఒక కథల మా చిన్నమ్మను పెట్టిన, పేరు మార్చిన, ఊరు మార్చిన. ముక్కుపుల్ల తిప్పుకుంట ఆలోచించే అలవాటు ఒక్కటి మార్చలే. ఫోన్ చేసి, నన్ను పిసినారిని చేసినవ్ కదనే అని ఏడ్చింది. ఆరు నెలలు మాట్లాడలే. కథకు మంచి పేరొచ్చింది. సంతోషం కాలే.

పాత_గుమాస్తా
నేను మా సేటు బతికున్నన్ని దినాలు ఒక్క అక్షరం రాయలే. ఉప్పు తిన్న.

హన్మకొండ_టీచరమ్మ
నేను ఇద్దరు ముగ్గురిని కలిపి ఒక్కరిని చేస్తాను. ఒకరి నడక, ఇంకొకరి అప్పులు, మూడో మనిషి కోపం. కలిపాక ఆ మనిషి నా మాట వినడం మానేసి తన దారిన తాను నడుస్తాడు. చిన్నమ్మ పిసినారితనం ఒక్కటే రాశావేమో చూసుకో పాలపిట్టా. ఆ పిసినారితనంతో ఆమె ఎవరిని గట్టెక్కించిందో కూడా రాసి ఉంటే ఏడ్చేది కాదేమో.

పాలపిట్ట
మా ఫీజులు కట్టింది. అది రాయలే.

ఎర్రమిర్చి
అందరికి శనార్తులు. వారం సంది కూసున్న. ఒగ్గుడోలు అన్న చెప్పినట్టు తువ్వాల సుత మార్చిన. మొదటి ముక్క పెడుతున్న, మొహమాటం లేకుంట చెప్పుండ్రి.

*తొలకరి పడ్డ మూడో నాడు మల్లయ్య దుకాణం మెట్ల కాడ చెప్పులు ఇడిచిండు. లోపల సేటు పద్దు పుస్తకం తిప్పుతున్నడు. మెడల గొలుసు లేదు. మల్లయ్య అది చూసిండు, చూసినట్టు కనపడొద్దని గోడమీది క్యాలెండర్ దిక్కు చూసిండు.*

*"రా మల్లయ్యా. బిడ్డ ఎట్లున్నది?"*

*"మంచిగున్నది పటేలా."*

*"పోయినేడు నీ సరుకు నెమ్మున్నదని ఖరీదుదారు అన్నప్పుడు, మా మల్లయ్య నీళ్ళు సల్లే మనిషి కాదని ఒట్టేసిన. యాదికున్నదా?"*

*మల్లయ్య బెంచి మీద కూసోబోయి ఆగిండు. బయట వాన మల్ల ఎత్తుకున్నది. నిప్పులు కక్కే కండ్లతోని సేటు దిక్కు చూసిండు.*

*"యాదికున్నది" అన్నడు.*

తంగేడు_చెట్టు
నిప్పులు కక్కే కండ్లు తీసెయ్ తమ్మీ. మిగతాది ముట్టుకోకు. నేను సేటును ఇప్పటికీ క్షమించలే. కాని ఆ ఒట్టు ముచ్చట చదివి మా నాయిన యాదికొచ్చిండు.

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
కండ్లు దించుకోవాలె ఆడ. ఒట్టేసినోని ముంగట నిప్పులెక్కడియి?

సాంచెల_సప్పుడు
సేటు నిజంగనే ఒట్టేసిండా, ఇప్పుడు కల్పించి చెప్తున్నడా?

ఎర్రమిర్చి
అన్నా, నాకు సుత తెల్వది. మల్లయ్యకు సుత తెల్వది. అది తెలిసేదాక ఇంకో నాలుగు పేజీలు రాయాలె. ఖరీదుదారు చెయ్యి పెట్టి సరుకు చూసే దినం సీను వెనక్కి పోయి రాయాలె. అది సరిగ వస్తలేదు. నేను బస్తాలు దించి పక్కకు పోయేటోణ్ణి, దగ్గరగ ఎన్నడు చూడలే.

పాత_గుమాస్తా
బస్తా మూతి కోసి మోచేతి దాక చెయ్యి పెడతడు. అడుగుకెళ్ళి పిడికెడు తీస్తడు, పైన ఎప్పుడు మంచి కాయనే ఉంటది కాబట్టి. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపుతడు, గింజ గలగల అనాలె. విరుస్తడు. టప్ మని విరిగితె ఆరింది, వంగితె నెమ్ము. తెల్లబడ్డ కాయ రెండు కనపడ్తె తాలు అంటడు. ఆ ఘాటుకు చుట్టుపక్కలోళ్ళందరు దగ్గుతరు, తుమ్ముతరు. రైతు మాత్రం ఊపిరి బిగపట్టుకొని ఉంటడు. ఆయన కండ్లు ఖరీదుదారు మొఖం మీద ఉండవు, వేళ్ళ మీద ఉంటయి.

ఇది చదివి రాస్తె నా సీను అయితది. నువ్వే చూడాలె. సోమవారం పొద్దుగాల ఐదు గంటలకు ఏనుమాములకు రా. నేను చాయ్ బండి కాడ ఉంట, తెల్ల ధోతి, చేతుల గొడుగు. సంక్రాంతి అయిపోయింది కదా, కొత్త మిర్చి దిగుతున్నది.

ఎర్రమిర్చి
వస్త కాకా. ఫస్ట్ బస్సు నాలుగున్నరకు. కొంచెం ఆలస్యమైతది కావచ్చు.

పాత_గుమాస్తా
ముక్కుకు కట్టుకోనీకి తువ్వాల తెచ్చుకో.

ఒగ్గుడోలు
రెండు తెచ్చుకో.